దగ్గుకు మనమే వేళ పెట్టాలి: ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చే మొండి దగ్గును ఎలా సంబాళించుకోవాలి

రాత్రి మూడింటికి అమ్మ దగ్గు మొదలయ్యేది. ముందు గొంతులో చిన్న గరగర. తర్వాత ఒకటి రెండు పొడి దగ్గులు. ఆ తర్వాత ఆగకుండా దగ్గు తెర. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముఖం ఎర్రబడి, కళ్ల వెంట నీళ్లు కారేదాకా దగ్గేది. చివరికి రవ్వంత కఫం పడితే "హమ్మయ్య" అని వెనక్కి వాలేది. పావుగంటకు మళ్లీ మొదలు.

అమ్మకు బ్రాంకియెక్టాసిస్. ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు సాగిపోయి, శాశ్వతంగా వెడల్పై, కఫాన్ని బయటికి నెట్టలేక లోపలే నిలవ ఉంచుకునే జబ్బు అది. నిలవున్న కఫంలో క్రిములు పెరుగుతాయి, క్రిములు గొట్టాలను ఇంకా పాడుచేస్తాయి, పాడైన గొట్టాల్లో ఇంకా కఫం చేరుతుంది. ఈ సంగతి తెలియక నాలుగేళ్ల పాటు దగ్గు సిరప్‌లు మార్చి మార్చి తాగించాం. చివరికి ఒక ఫిజియోథెరపిస్ట్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు: "ఈ దగ్గు ఆమెకు పని చేసిపెడుతోంది. ఆపాలని చూడకండి. దానికి ఒక వేళ పెట్టండి."

ఆ మాటతో మా ఇంట్లో రాత్రులు మారాయి. దగ్గు పోలేదు, పోదు కూడా. కానీ ఎప్పుడు పడితే అప్పుడు మీదపడే దగ్గు, చాలావరకు మేం పిలిచినప్పుడు వచ్చే దగ్గుగా మారింది. మీకో, మీ ఇంట్లో వాళ్లకో సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఊపిరి సరిగా ఆడని దీర్ఘకాలిక జబ్బు), బ్రాంకియెక్టాసిస్, ఊపిరితిత్తులు గట్టిపడే ఫైబ్రోసిస్ లాంటి జబ్బు ఉందని డాక్టర్ ఇప్పటికే తేల్చి ఉంటే, ఇక్కడ రాసినవి మీ మందులతో పాటు చేసుకోవాల్సిన పనులు. మందులు మానేసి చేసేవి మాత్రం కావు.

ముందు అది ఏ దగ్గో తేల్చుకోండి

పెద్దవాళ్లలో 8 వారాలు దాటినా తగ్గని దగ్గును దీర్ఘకాలిక దగ్గు అంటారు. పేరు ఒకటే అయినా, అందులో పూర్తిగా వేరైన రెండు దగ్గులున్నాయి. ఒకటి కఫాన్ని బయటికి తెచ్చేది. రెండోది ఏమీ తేకుండా గొంతు గీరుకుపోయేలా చేసేది. మొదటిదాన్ని అణచకూడదు, దానికి సాయం చేయాలి. రెండోదాన్ని ఎంత తొందరగా అణిస్తే అంత మంచిది. చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తారు. మేమూ అదే చేశాం.

సీఓపీడీ ఉన్నవాళ్లకు సాధారణంగా పొద్దున లేవగానే కఫంతో దగ్గు వస్తుంది. ఏడాదిలో కనీసం 3 నెలలు, అలా వరుసగా 2 ఏళ్లు కఫంతో దగ్గు ఉంటే, దానికి వేరే కారణమేదీ లేకపోతే, దాన్ని క్రానిక్ బ్రాంకైటిస్ అంటారు. బ్రాంకియెక్టాసిస్‌లో కఫం ఇంకా ఎక్కువ, రోజంతా పడుతుండొచ్చు. ఫైబ్రోసిస్‌లో ఎక్కువగా పొడి దగ్గు. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడినా, నవ్వినా, లోతుగా గాలి పీల్చినా మొదలవుతుంది.

ఒక వారం పాటు చిన్న నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. దగ్గు ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నారు, కఫం పడిందా లేదా, పడితే ఏ రంగు, చెంచాడా అరకప్పా. ఇంతే రాయండి. వారం తిరిగేసరికి ఒక వరస కనిపిస్తుంది. అమ్మకు పొద్దున వచ్చేదంతా కఫం దగ్గు, సాయంత్రం ఫోన్ మాట్లాడాక వచ్చేదంతా పొడి దగ్గు అని మాకు అలా రాసుకుంటేనే తెలిసింది. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. అప్పుడు పొద్దున ఒక పద్ధతి, సాయంత్రం ఇంకో పద్ధతి.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఊపిరితిత్తుల జబ్బు ఉంది కాబట్టి దగ్గంతా దానిదే అనుకోవద్దు. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ లాంటి "ప్రిల్"తో ముగిసే బీపీ మాత్రలు కొందరిలో పొడి దగ్గు తెస్తాయి. అలాంటిది వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, వేరే రకం మాత్రకు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. మార్చిన మర్నాడే దగ్గు పోతుందనీ చూడకండి, కొన్ని వారాలు పట్టొచ్చు. అలాగే కడుపులో ఆమ్లం పైకి తన్నడం, ముక్కు వెనక నుంచి గొంతులోకి చీమిడి జారడం కూడా దగ్గును పెంచుతాయి. ఈ రెండింటికీ విడిగా మందులున్నాయి. వాటికి చికిత్స చేయిస్తే, ఊపిరితిత్తుల వల్ల వచ్చే దగ్గు అలాగే ఉన్నా, మొత్తం భారం బాగా తగ్గుతుంది.

కఫం దగ్గుకు: పొద్దున ఒక 20 నిమిషాలు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను.

బలమంతా పెట్టి దగ్గితే కఫం బాగా వస్తుందని మనం అనుకుంటాం. గాలి గొట్టాలు బలహీనపడిన ఊపిరితిత్తుల్లో అలా జరగదు. గట్టిగా దగ్గినప్పుడు ఛాతీలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, మెత్తబడిన గొట్టాలు మూసుకుపోతాయి. కఫం వాటి వెనకే చిక్కుకుంటుంది. మనిషి అలిసిపోతాడు తప్ప కఫం కదలదు. కఫాన్ని ముందు గోడల నుంచి వదులు చేయాలి, తర్వాత మెల్లగా పైకి జరపాలి, గొంతు దగ్గరికి వచ్చాకే దగ్గాలి. ఫిజియోథెరపిస్టులు నేర్పే పద్ధతి అంతా ఈ మూడు పనులే.

మందుల వరస తప్పకూడదు. గొట్టాలను తెరిచే ఇన్హేలర్ లేదా నెబులైజర్ రాసి ఉంటే అది ముందు. ఒక 15 నిమిషాలు ఆగి, ఆ తర్వాత కఫం తీసే పని. కఫాన్ని పలచన చేసే ఉప్పునీటి నెబులైజర్ రాసి ఉంటే అది కూడా ఈ పనికి ముందే. దాని మొదటి మోతాదు ఆస్పత్రిలోనే తీసుకోవాలి, ఎందుకంటే కొందరికి గొట్టాలు బిగుసుకుపోయి ఆయాసం వస్తుంది. నెబులైజర్‌లో పీల్చే యాంటీబయాటిక్ ఉంటే అది కఫం తీశాక. కఫం పొర మీద పడ్డ మందు గొట్టం గోడకు చేరదు కదా. స్టెరాయిడ్ ఇన్హేలర్ పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

ఇక అసలు పద్ధతి. పరగడుపున గానీ, తిన్న తర్వాత గంటన్నర, రెండు గంటలు గడిచాక గానీ చేయండి.

1. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకు ఆనాలి, భుజాలు వదులుగా ఉండాలి. పక్కన గోరువెచ్చని నీళ్లు, మూత ఉన్న డబ్బా, టిష్యూలు పెట్టుకోండి.

2. ఒక చెయ్యి పొట్ట మీద వేసి మామూలుగా, నెమ్మదిగా ఊపిరి తీయండి. ముక్కుతో పీల్చి, వదులుతున్నప్పుడు చెయ్యి కిందికి దిగడం గమనించండి. తొందర తగ్గేదాకా అలాగే ఉండండి, అర నిమిషం చాలు.

3. ఇప్పుడు 3 లేదా 4 లోతైన శ్వాసలు. ముక్కుతో నిండుగా పీల్చి, 3 సెకన్లు పట్టి ఉంచి, నిట్టూర్చినట్టు వదిలేయండి. ఊపిరి పట్టిన ఆ కాసేపట్లోనే గాలి పక్క దారుల గుండా కఫం వెనక్కి చేరుతుంది. దాన్ని ముందుకు నెట్టేది ఆ గాలే.

4. మళ్లీ మామూలు శ్వాస, అర నిమిషం.

5. ఇప్పుడు హఫ్. దీని గురించి కింద వివరంగా చెబుతాను. ఒకటి లేదా రెండు హఫ్‌లు చేసి, వెంటనే మళ్లీ మామూలు శ్వాసకు రండి.

6. కఫం గొంతు దగ్గరికి వచ్చినట్టు తెలిసినప్పుడు మాత్రమే ఒకటి రెండు సార్లు దగ్గి ఉమ్మేయండి. రాకపోతే తంటాలు పడకండి, రెండో అంకె దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

వరుసగా రెండు చుట్లలో కఫం ఏమీ రాకపోతే, హఫ్ పొడిగా వినిపిస్తే, ఆపేయండి. ఒకవేళ 20 నిమిషాలకే అలిసిపోతే కఫం ఇంకా ఉన్నా ఆపేయండి. సాయంత్రం ఇంకోసారి చేసుకోవచ్చు.

హఫ్ అంటే దగ్గులాంటి ఊపిరే, కాకపోతే గొంతు మూయకుండా వదిలేది. కళ్లద్దాలు తుడిచే ముందు వాటి మీద "హా" అని ఆవిరి వదులుతాం చూడండి, అదే. నోరు గుండ్రంగా తెరిచి, నాలుక కిందికి ఉంచి, పొట్ట కండరాలను లోపలికి నొక్కుతూ ఆ "హా"ను కాస్త బలంగా, కాస్త పొడుగ్గా వదలాలి.

అమ్మకు ఇది మూడు రోజులు రాలేదు. గొంతుతో "హ్హె" అనేది, అది కాస్తా దగ్గు తెరగా మారేది. ఫిజియోథెరపిస్ట్ ఒక చేతి అద్దం తెచ్చి ఆమె నోటి ముందు పట్టారు. "అద్దం మీద మచ్చ ఎంత పెద్దగా పడితే అంత బాగా చేస్తున్నట్టు" అన్నారు. మొదట రూపాయి బిళ్లంత మచ్చ పడింది. అమ్మ పట్టుదల మనిషి. సాయంత్రానికి అద్దం సగం మసకబారింది. ఆ మసకబారిన హఫ్‌లోనే మొదటిసారి లోపల గురగుర వినిపించింది. రాత్రంతా కదలని కఫం అప్పుడు వచ్చింది, ఒక్క దగ్గుకి. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

హఫ్‌లో ఒక కిటుకు ఉంది. మామూలు శ్వాసంత గాలి మాత్రమే పీల్చి, దాన్ని పొడుగ్గా, ఊపిరి అయిపోయేదాకా వదిలితే అడుగున ఉన్న కఫం కదులుతుంది. నిండా పీల్చి పొట్టిగా, బలంగా వదిలితే పైన పెద్ద గొట్టాల్లో ఉన్నది వస్తుంది. కాబట్టి ముందు పొడుగు హఫ్‌లు, లోపల గురగుర పైకి వచ్చాక పొట్టి హఫ్‌లు. ఈలలాంటి పిల్లికూతలు వినిపిస్తే మరీ బలంగా చేస్తున్నారని అర్థం. బలం తగ్గించి, మామూలు శ్వాస సమయం పెంచండి.

కఫం ఏ భాగంలో ఎక్కువ చేరుతోందో సీటీ స్కాన్ చూసి చెబితే, ఆ వైపు పైకి వచ్చేలా ఒత్తిగిలి పడుకుని ఇదే పద్ధతి చేయొచ్చు. తల కిందికి వంచి పడుకునే భంగిమలు మాత్రం ఎవరూ చూపించకుండా సొంతంగా చేయకండి. ఆమ్లం పైకి తన్నేవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, కఫంలో రక్తం పడ్డవాళ్లకు అవి పనికిరావు. ఊదితే లోపల అదురు పుట్టించి కఫాన్ని వదులు చేసే చేతి పరికరాలు కూడా దొరుకుతాయి. కొందరికి వాటితో సులువవుతుంది. కానీ ఊపిరి పద్ధతి రాకుండా పరికరం కొంటే అది బీరువాలో మూలన పడుతుంది, అందుకే ముందు హఫ్ నేర్చుకోండి.

నడక కూడా కఫం తీసే మందే. ఊపిరి కాస్త వేగంగా ఆడినప్పుడు కఫం దానంతటది కదులుతుంది. పల్మనరీ రిహాబిలిటేషన్ అని వ్యాయామం, శ్వాస పద్ధతులు, జబ్బు గురించిన అవగాహన కలిపి కొన్ని వారాల పాటు నేర్పే కార్యక్రమాలుంటాయి. మీకు అందుబాటులో ఉంటే డాక్టర్‌ను అడిగి తప్పకుండా చేరండి. ఆయాసం ఉన్నవాళ్లకు దీనంత మేలు చేసేవి తక్కువ.

నీళ్ల విషయం చిన్నదే. ఒంట్లో నీరు తగ్గకుండా రోజంతా కొంచెం కొంచెం తాగుతుంటే చాలు, బలవంతంగా లీటర్లకు లీటర్లు తాగితే కఫం పలచబడిపోదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్ చెప్పినదే లెక్క. ఇక మరిగే నీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టడం నేను చెప్పను. దగ్గు తెరలో గిన్నె ఒంటి మీద ఒలికి కాలినవాళ్లు ఉన్నారు.

పొడి దగ్గుకు: గొంతును ఊరుకోబెట్టడం

పొడి దగ్గు తనను తానే పెంచుకుంటుంది. దగ్గిన కొద్దీ గొంతు రేగుతుంది, రేగిన గొంతు చిన్న చల్లగాలికీ, కాస్త సెంటు వాసనకూ దగ్గమంటుంది. ఇక్కడ తీయడానికి కఫం లేదు కాబట్టి హఫ్‌లు చేస్తే ఇంకా రేగుతుంది. ఈ వలయాన్ని మొదట్లోనే తెంపాలి.

గొంతులో దురదగా అనిపించిన క్షణమే పట్టుకోండి. పెదవులు మూయండి. ఒక గుటక మింగండి, నోట్లో తడి లేకపోతే ఒక గుక్క నీళ్లు తాగండి. తర్వాత ముక్కుతో చిన్నగా, మెల్లగా గాలి పీల్చి, ఈల వేసేటప్పుడులా పెదవులు సున్నాలా పెట్టి నెమ్మదిగా వదలండి. పీల్చడానికి 2 లెక్కపెడితే వదలడానికి 4. దురద తగ్గేదాకా ఇలాగే చేయండి. ఈ సమయంలో లోతుగా పీల్చకండి, నోటితో అసలు పీల్చకండి. మొదట్లో పదిసార్లలో రెండుసార్లు దగ్గు ఆగినా బాగా జరిగినట్టే లెక్క వేసుకోండి. కొన్ని వారాల సాధనతో అది పెరుగుతుంది.

గొంతు సవరించుకునే అలవాటు ఉంటే మానండి. అది చిన్న దగ్గే, గొంతుకు అంతే దెబ్బ. సవరించుకోవాలనిపించినప్పుడల్లా గుటక మింగండి. ఇంట్లో వాళ్లను గుర్తు చేయమనండి, మనకు తెలియకుండానే రోజుకు ఎన్నిసార్లు చేస్తామో వాళ్లకే తెలుస్తుంది. చక్కెర లేని చప్పరించే బిళ్లలు, గోరువెచ్చని నీళ్లలో తేనె గొంతుకు హాయినిస్తాయి. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పొట్టి పొట్టి వాక్యాలు మాట్లాడి, మధ్యలో గుక్కెడు నీళ్లు తాగండి. చలిలో బయటికి వెళ్తే ముక్కూ నోరూ కప్పేలా మఫ్లర్ చుట్టుకోండి.

ఇవన్నీ స్పీచ్ థెరపిస్టులు పద్ధతిగా నేర్పుతారు. మాటకు సంబంధించిన వాళ్లకు దగ్గుతో ఏం పని అనిపించొచ్చు. గొంతు కండరాలను అదుపు చేయడమే వాళ్ల విద్య. అప్పటికీ తగ్గకపోతే నిపుణులు చూసి ఇచ్చే మందులున్నాయి. నరాల చురుకుదనాన్ని తగ్గించే గాబాపెంటిన్ ఒకటి. ఫైబ్రోసిస్ దగ్గుకు బాగా తక్కువ మోతాదులో మార్ఫిన్ (తీవ్రమైన నొప్పికి వాడే బలమైన మందు) కూడా ఇస్తారు. మార్ఫిన్ పేరు వినగానే భయపడక్కర్లేదు, అది చివరి దశకే అని కూడా అనుకోవద్దు. అలాగని డాక్టర్ పర్యవేక్షణ లేకుండా తాకేది కూడా కాదు.

రాత్రి గడవడానికి

పడుకునే ముందు గంట రెండు గంటల మధ్యలో కఫం తీసే రెండో విడత పెట్టుకోండి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య 3 గంటలు ఉండేలా చూసుకోండి. మంచం తల వైపు కోళ్ల కింద చెక్కలు పెట్టి ఒక 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు పెంచితే ఆమ్లం పైకి తన్నడం తగ్గుతుంది. దిండ్లు పేర్చుకుంటే మెడ మాత్రమే వంగుతుంది, నడుము దగ్గర మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుపోతుంది.

మెలకువ వచ్చి దగ్గు మొదలైతే పడుకునే దగ్గకండి. లేచి మంచం అంచున కూర్చుని, పాదాలు నేల మీద పెట్టి, ముంజేతులు తొడల మీద ఆనించి కొంచెం ముందుకు వంగండి. పెదవులు సున్నాలా పెట్టి ఊపిరి వదలండి. కఫం ఉందనిపిస్తే ఒకటి రెండు హఫ్‌లు. పక్కటెముకలు నొప్పి పెడుతుంటే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గండి. పక్కన నీళ్లు, టిష్యూలు, ఒక చిన్న లైటు చేతికందేలా ఉండాలి. చీకట్లో వెతుక్కునే కంగారే సగం ఆయాసం.

ఎవరికీ చెప్పుకోని ఇబ్బందులు

దగ్గినప్పుడు మూత్రం జారడం చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది, మగవాళ్లలోనూ కొందరికి ఉంటుంది. అమ్మ ఈ ఒక్క కారణంతో నలుగురిలోకి వెళ్లడం మానేసిందని నాకు రెండేళ్లకు గానీ తెలియలేదు. సిగ్గుపడి దాచుకోకండి. దగ్గు రాబోతోందనగానే, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను ముందుగా బిగించి, దగ్గు అయ్యేదాకా అలాగే పట్టి ఉంచండి. ఆ కండరాలకు రోజూ చేసే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ నేర్పుతారు. కొన్ని నెలల్లో తేడా తెలుస్తుంది.

దగ్గు తెరలో కళ్లు చీకట్లు కమ్మి పడిపోయేవాళ్లున్నారు. అలా ఒక్కసారి అయినా డాక్టర్‌కు చెప్పాలి, తేలేదాకా బండి నడపకూడదు. దగ్గి దగ్గి పక్కటెముక చిట్లడం కూడా జరుగుతుంది, ముఖ్యంగా చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడి ఎముకలు పలచబడ్డవాళ్లలో. ఒకేచోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి వస్తే చూపించుకోండి.

ఇక పక్కవాళ్ల చూపులు. "ఇది అంటుకునే దగ్గు కాదండీ, ఊపిరితిత్తుల పాత జబ్బు" అని ముందే ఒక్క మాట చెప్పేస్తే టెన్షన్ సగం దిగుతుంది. టెన్షన్ తగ్గితే దగ్గూ తగ్గుతుంది. జలుబు, జ్వరం ఉన్న రోజుల్లో మాత్రం ఆ మాట వర్తించదు, మాస్క్ పెట్టుకోండి.

గాలి, పొగ, సిరప్‌లు

పొగ తాగే అలవాటు ఉంటే, పైన చెప్పినవన్నీ కలిపినా మానేయడంతో సరితూగవు. ఒక్క హెచ్చరిక: మానేసిన కొత్తలో కొన్ని వారాలు దగ్గు పెరగొచ్చు. గాలి గొట్టాల్లో కఫాన్ని ఊడ్చే సన్నని నూగు లాంటి కేశాలు మళ్లీ పని మొదలుపెడతాయి కాబట్టి కఫం ఎక్కువ పైకి వస్తుంది. "మానేస్తే దగ్గు ఎక్కువైంది" అని మళ్లీ ముట్టించినవాళ్లను చూశాను. ఆ కొన్ని వారాలు ఓర్చుకోండి. ఇంట్లో ఇంకెవరు తాగినా బయటే తాగమనండి. వంట పొగ, దోమల కాయిల్, ఘాటైన సెంట్లు, ఫినాయిల్, బ్లీచింగ్ వాసనలు మీ నోట్‌బుక్‌లో దగ్గు పక్కన కనిపిస్తే వాటిని దూరం పెట్టండి. ఆక్సిజన్ వాడేవాళ్ల దగ్గర మంట ఉండనే కూడదు.

దగ్గు సిరప్ కొనే ముందు అందులో ఏముందో అడగండి. దగ్గును అణిచేవి కఫం దగ్గుకు వద్దు, కఫం లోపలే ఉండిపోతుంది. మగత తెప్పించే అలర్జీ మందు కలిసినవి కఫాన్ని చిక్కబరుస్తాయి. దగ్గును అణిచే కోడీన్ లాంటి మత్తు మందులు, జబ్బు ముదిరినవాళ్లలో ఊపిరినే మందగింపజేయొచ్చు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ కూడా వేసుకోకండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు మాత్రం డాక్టర్‌ను అడిగి వేయించుకోండి. ప్రతి ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తులను ఒక మెట్టు కిందికి దించుతుంది, మళ్లీ పూర్తిగా ఎక్కలేకపోవచ్చు.

దగ్గు తీరు మారితే

రోజూ ఉండే దగ్గు ఎలా ఉంటుందో మీకు తెలుసు. దాన్నుంచి ఎంత మారిందన్నదే చూడాలి. ఆయాసం పెరగడం, కఫం ఎక్కువవడం, కఫం రంగు చిక్కటి పసుపుకో ఆకుపచ్చకో మారడం. ఈ మూడింటిలో రెండు కనిపించి ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి. వీలైతే ఆ కఫాన్ని, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే, శుభ్రమైన డబ్బాలో పరీక్షకు ఇవ్వండి. బరువు తగ్గుతున్నా, రాత్రుళ్లు చెమటలు పడుతున్నా, గొంతు బొంగురు తగ్గకపోయినా "పాత దగ్గే" అని వదిలేయకండి. ఊపిరితిత్తుల జబ్బున్న వాళ్లకు టీబీ, క్యాన్సర్ రావని లేదు.

కఫంలో రక్తం చారలు మొదటిసారి కనిపిస్తే అదే రోజు చూపించుకోండి. చెంచాలకొద్దీ రక్తం పడితే, కూర్చున్నా ఊపిరి అందక మాట పూర్తి చేయలేకపోతే, పెదవులు నీలంగా మారితే, ఉన్నట్టుండి ఛాతీలో పొడిచినట్టు నొప్పి వస్తే, మనిషి మత్తుగా, అయోమయంగా ఉంటే అంబులెన్స్ పిలవాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

డాక్టర్ ముందు కూర్చున్న పది నిమిషాల్లో దగ్గు రాదు. అందుకే ఇంట్లో వచ్చినప్పుడు ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. నోట్‌బుక్ తీసుకెళ్లండి. "దగ్గు ఎక్కువగా ఉంది" అనే బదులు "రాత్రి మూడు సార్లు లేచాను, పొద్దున నాలుగు చెంచాల పసుపు కఫం పడింది" అని చెబితే మందు మారుతుంది. మీ బీపీ, గ్యాస్, నొప్పుల మాత్రలన్నీ చూపించండి. ఇన్హేలర్ కూడా సంచిలో వేసుకెళ్లండి. డాక్టర్ ఎదుటే ఒకసారి పీల్చి చూపించి, ఎక్కడ తప్పుతున్నారో చెప్పమనండి. అమ్మ ఏడాది పాటు పొడి మందు ఇన్హేలర్‌ను స్ప్రేలాగా మెల్లగా పీల్చింది. దాన్ని వేగంగా, లోతుగా పీల్చాలి. అది సరిచేసిన వారానికి పొద్దుటి 20 నిమిషాలు 12కు దిగాయి.